జవాబుకి ఒకే బటన్

పరీక్ష గది తలుపు పిడి మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లాలా వద్దా అని హెల్యా ఆగిపోయిన చోట పోయిన వారం ఆమెను వదిలిపెట్టాం. శుక్రవారం, పొద్దున్న పది గంటలు. బయట ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఔలు ఊరంతా మైనస్ ఇరవై నాలుగు డిగ్రీల చలిలో బిగుసుకుపోయి ఉంది. లోపల బల్ల ముందు కూర్చున్నది ఆరో మనిషి. ఆఖరి మనిషి కూడా ఆవిడే.

సెల్‌ఫోనులో మెసేజ్ ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. కొత్త ఫోను వాడి చూడ్డానికి గురువారం వచ్చిన అయిదుగురిలో ఇద్దరు మెసేజ్ పంపకుండానే ఫోను బల్ల మీద పెట్టేశారు. ఒకాయన ఏం నొక్కాడో ఏమో, ఫోనంతా స్వీడిష్‌లోకి మారిపోయింది. దాన్ని తిరిగి ఫిన్నిష్‌లోకి తెచ్చుకోలేక పావుగంట చెమటలు కక్కాడు. ఒకావిడ, చాలా మర్యాదస్తురాలు, "మీ అబ్బాయికి రాయండి" అంటే, "వాడికి ఫోన్ చేసి చెప్తాలెండి" అంది. అయిదో మనిషి పంపగలిగాడు గానీ అది ఎవరికి వెళ్లిందో చెప్పలేకపోయాడు.

ఒస్సి ఫోన్ల విభాగానికి పెద్ద. ఫోను తెరల మీద ఏం కనిపించాలో గీసే హెల్యాకు పన్నెండేళ్లుగా పై అధికారి. కంపెనీలో అందరూ 'పిచ్చుక' అని పిలుచుకుంటున్న ఆ చౌకరకం ఫోను పది రోజుల్లో ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఆరో మనిషి కూడా చేతులెత్తేస్తే మెసేజ్‌లన్న మాటే అందులోంచి తీసేస్తానని అతను తేల్చి చెప్పాడు. "ఫోనున్నది మాట్లాడ్డానికి, హెల్యా. రాసుకోడానికి పోస్టాఫీసుంది."

హెల్యా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

ఇల్మాకు యాభై ఏడేళ్లు. మార్కెట్ హాలు పక్క సందులో బట్టలు బాగుచేసే దుకాణం ఆవిడది. హెల్యా చలికోటు జిప్పు పాడైతే అక్కడికి వెళ్లి, ఆవిడను పరిచయం చేసుకుంది. తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి ఇల్మాకు చెవులు పోయాయి. అప్పటికే మాటలు వచ్చు కాబట్టి మాట్లాడుతుంది. గొంతులో ఎత్తుపల్లాలుండవు, ఒక్కోసారి గది అదిరేలా పలుకుతుంది. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటుంది.

"నేనిలా ఎదురుగా కూర్చుంటాను. నా పెదాలు కనిపిస్తున్నాయా?" అని అడిగింది హెల్యా.

"కనిపిస్తున్నాయి. కాస్త లిప్‌స్టిక్ వేసుకుంటే ఇంకా బాగా కనిపిస్తాయి."

గాజు పలక వెనక గదిలో ఒస్సి కూర్చుని చూస్తున్నాడని హెల్యాకు తెలుసు. ఆ గాజు ఇటువైపు నుంచి అద్దంలా ఉంటుంది. అందులో తన మొహం తనకే కనిపించి, నిజమే, పాలిపోయి ఉందనుకుంది.

ముందు పాత పద్ధతి ఫోను ఇచ్చింది. 'బస్సు ఆలస్యం' అని రాసి పంపాలి, అంతే. ఆ ఫోనులో మొదటి అక్షరం రాసే లోపు పదకొండు సార్లు బటన్లు నొక్కాలి. ఇల్మా ఏడో నొక్కుడు దగ్గర దారి తప్పింది. మళ్లీ మొదలుపెట్టి, తొమ్మిదో దగ్గర తప్పింది. "సూదిలో దారం ఎక్కించడానికి నాకు ఇంత సేపు పట్టదు," అంటూ దాన్ని పక్కన పెట్టేసింది.

తర్వాత హెల్యా తను చేసిన ఫోను ఇచ్చింది. ఆమె రెండు నెలల కష్టం అందులోనే ఉంది. ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న తెరలు, ఒక్కో తెర మీద ఒక్కటే ప్రశ్న. ఎవరికి? ఏం రాస్తారు? పంపనా? మొత్తం పద్నాలుగు తెరలు. దేనికదే అర్థమయ్యేలా, ఎవరినీ కంగారు పెట్టకుండా. ఇల్మా బొటనవేలు మెల్లగా కదిలింది. అక్షరాలు కాక ఏడు నొక్కుళ్లు. హెల్యా చేతిలోని రెండో ఫోను టింగుమంది. 'బస్సు ఆలస్యం.'

హెల్యా గాజు వైపు చూడకుండా తమాయించుకుని, గబగబా జవాబు కొట్టి పంపింది. 'ఎంత ఆలస్యం?'

ఇల్మా చదివింది. చదివి, బటన్ నొక్కింది. తెర మీద ప్రశ్న వచ్చింది. 'ఎవరికి?'

ఇల్మా తలెత్తి చూసింది. "ఇదేంటమ్మాయ్, ఎవరికి అని అడుగుతోంది?"

"జవాబు ఎవరికి పంపాలో వాళ్ల నంబరు కొట్టాలి."

"ఇప్పుడేగా నువ్వు నన్నడిగావు, ఎంత ఆలస్యం అని."

"అవును."

"మరి జవాబు నీకే గదా." ఇల్మా ఫోను బల్ల మీద పెట్టి, దాని మీద రెండు వేళ్లు ఆనించింది. "మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి నువ్వో మాట అడిగావనుకో. నేను నీ మొహం మీద తలుపేసి, దొడ్డిదారిన బయటికెళ్లి, వీధంతా చుట్టి, మళ్లీ నీ ముందుకొచ్చి 'ఎవరమ్మా నువ్వు' అని అడిగి, అప్పుడు జవాబు చెప్పాలా?"

హెల్యా బల్ల మీది ఫోను వైపు చూసింది. రెండు నెలలు. ఎంతసేపూ మెసేజ్ ఎలా మొదలుపెట్టాలి అని ఆలోచించింది గానీ, వచ్చిన దానికి మనిషి వెంటనే ఏం చేస్తాడు అని ఒక్కసారైనా అనుకోలేదు.

పక్క గది తలుపు తెరుచుకుని ఒస్సి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడుగు, ఎప్పుడూ ఒకే బూడిదరంగు స్వెట్టరు. ఇల్మాకు చెయ్యి అందించాడు, ముఖం ఆవిడకు కనిపించేలా కాస్త వంగి, ఒక్కో మాటా నెమ్మదిగా అన్నాడు. "వచ్చినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పింది నాకు బాగా ఉపయోగపడింది." ఆపైన హెల్యా వైపు తిరిగాడు. "ఆరుకి ఆరు. ఇంక వాదించకు."

"ఆవిడ తప్పు కాదు, నా తెరలు తప్పు."

"నాకు రెండూ ఒకటే. సోమవారం పొద్దున్న సంతకం పెట్టేస్తున్నాను. మెసేజ్‌లు లేని ఫోను వెళ్తుంది."

"పెట్టకు."

"హెల్యా, చిప్పులో మిగిలింది రెండు కిలోబైట్లు. టైపు కొడితే ఒక్క కాగితం నిండేంత జాగా. నీ తెరలకి నాలుగు కావాలి. నీది గొప్ప పనే అయినా అందులో పట్టదు. పైగా నీ పని బాగాలేదని నువ్వే ఒప్పుకుంటున్నావు. నన్నేం చెయ్యమంటావు?"

అతను మొహం అటు తిప్పాడు కాబట్టి ఇల్మాకు మాటలు అందలేదు. లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, అతనికి ఎదురుగా నిలబడింది.

"నా వైపు తిరిగి మాట్లాడు. తీసేస్తానంటున్నావా?"

ఒస్సి కాస్త ఇబ్బంది పడ్డాడు. "మీలాంటి వాళ్లకి ఇది అవసరమని నాకు తెలుసు. కానీ దేశం మొత్తం మీద మీరు కొన్ని వేలమంది. ఈ ఫోను లక్షలమంది కోసం."

"ఆ లక్షలమంది నా దుకాణానికి రారనుకున్నావా? మొన్న ఒకమ్మాయి బట్టలు మార్చుకునే గదిలో ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. నాకు వినపడదని తెలుసు, అయినా తిరిగింది. బస్సులో చూడు, ఫోనుని అరచేత్తో కప్పుకుని గుసగుసలాడతారు. వాళ్లకి చెవులున్నాయి సరే, పక్కవాడికీ ఉన్నాయిగా."

ఇల్మా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఒకే మట్టంలో ఉంది. "నా మొగుడు ఓయివాకీ వినపడదు, అతనికి పుట్టుకతోనే. రాహే ఊళ్లో పడవలు బాగుచేసే షెడ్డులో పని. వారానికోసారి ఇంటికొస్తాడు. పెళ్లైన మూడో ఏడు నాకు కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చి పక్కింటి హిల్కా తలుపు కొట్టాను. నాకు ఫోన్ చేసి పెట్టేది తనే. కాగితం మీద రాసిచ్చాను. హిల్కా చదివి ఏడ్చింది. ఏడుస్తూనే షెడ్డుకి ఫోన్ చేసింది. షెడ్డు మేస్త్రీ తీశాడు. ఆయన చెక్క మీద పెన్సిలుతో రాసి ఓయివాకి చూపించాడు. మా బిడ్డ సంగతి వాళ్ల నాన్న మూడో మనిషిగా తెలుసుకున్నాడు. హిల్కా మంచిది. మేస్త్రీ కూడా మంచివాడే. అయినా ఆ మాట వాళ్లది కాదుగా."

గదిలో గోడ గడియారం చప్పుడు ఇద్దరికి వినిపించింది.

ఒస్సి కళ్లద్దాలు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నాడు. "నన్ను మాటల్లో పడెయ్యకండి," అన్నాడు గానీ ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు. హెల్యా వైపు చూడకుండా అన్నాడు. "రెండు కిలోబైట్లు. ఒక్క బైటు ఎక్కువైనా నేను చూడను. సోమవారం తొమ్మిదికి నా బల్ల మీద ఉండాలి. ఈవిడ చేతికి ఇచ్చాక ఆవిడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటి కూడా ఉండకూడదు."

"ఈ రెండు రోజుల్లో అది రాయగల మనిషి ఒక్కడే ఉన్నాడు, సెలవులో," అంది హెల్యా.

"అది నీ గొడవ."

*

ఆ మనిషి పేరు తాయిస్తో. అరవై ఒకటి నిండాయి. పిచ్చుక లోపలి ప్రోగ్రామంతా మొదటి అక్షరం నుంచీ అతను రాసిందే. డిసెంబరులో నడుం పట్టేసిందని సెలవు పెట్టి, ఊరికి ఉత్తరాన నది ఒడ్డున ఉన్న తన ఇంట్లో ఉంటున్నాడు. శనివారం పొద్దున హెల్యా వెళ్లేసరికి అతను ఇంటి కప్పు మీద నిలబడి పారతో మంచు తోస్తున్నాడు.

"నడుం నొప్పన్నావు," అంది కింద నుంచి.

"ఆఫీసు కుర్చీలో కూర్చుంటే నొప్పి. కప్పు మీద లేదు."

"కిందికి దిగు. ఏలకుల బన్నులు తెచ్చాను."

"బన్నులు తెచ్చావంటే పని తెచ్చావన్నమాట. నేను దిగను పిల్లా."

హెల్యా మెట్ల మీద కూర్చుని సంచి విప్పి ఒక బన్ను తినడం మొదలుపెట్టింది. రెండోది తీసేసరికి నిచ్చెన చప్పుడైంది.

వంటింట్లో కాఫీ పెట్టి, తాయిస్తో ఆమె చెప్పిందంతా విన్నాడు. ఇల్మా మాట, గుమ్మం, దొడ్డిదారి. విన్నంతసేపూ మొహంలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత లేచి వెళ్లి, తన ప్రోగ్రామ్ అచ్చువేసిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. దాని పక్కన హెల్యా పద్నాలుగు తెరల బొమ్మలు పరిచాడు.

"ఇవి చూడు. 'దయచేసి పేరు ఎంచుకోండి.' 'మీ సందేశం సిద్ధంగా ఉంది, పంపమంటారా?' 'పంపడం పూర్తయింది, ధన్యవాదాలు.' ఒక్కోదానికీ నేను ఒక్కో గది కట్టాలి, ఒక్కో తలుపు పెట్టాలి. జాగా తినేస్తోంది మెసేజ్ కాదు పిల్లా. నీ మర్యాదలు."

ఆ మాట హెల్యాకు సూటిగా తగిలింది. మర్యాదగా ఉండాలనే ఆమె ఆ తెరలన్నీ పెట్టింది. యంత్రం మనిషిని కసరకూడదు, గాభరా పెట్టకూడదు, అడిగి అడిగి చెయ్యి పట్టుకుని నడిపించాలి అనుకుంది. అడగడమే విసుగు తెప్పిస్తుందని అనుకోలేదు. చిన్నప్పుడు తనని అలా ప్రతి అడుగుకీ ఆపి అడిగే పెద్దమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడింటికి వెళ్లాలంటేనే హెల్యాకు విసుగు. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది.

పెన్సిలు తీసుకుంది. మొదటి తెర మీద గీత పెట్టింది. రెండో దాని మీద. మూడో దాని దగ్గర చెయ్యి ఆగింది. దాని మాటలు కుదరడానికే వారం పట్టింది. గీత పెట్టేసింది. పద్నాలుగూ అయ్యాక కాగితాలన్నీ ఒక పక్కకి తోసి, గోడ మీది క్యాలెండర్‌లో అయిపోయిన జనవరి నెల చింపి, వెనక వైపు ఒకే ఒక్క బొమ్మ గీసింది. చిన్న తెర, దాని కింద ఒక పెద్ద బటన్.

"మెసేజ్ వచ్చింది. బటన్ పైన తెర మీద ఒకటే మాట, 'చదువు'. నొక్కితే చదవొచ్చు. చదివాక అదే బటన్, మాట మారుతుంది, 'జవాబు'. నొక్కితే రాసుకోవచ్చు. రాశాక అదే బటన్. 'పంపు'."

"ఎవరికో అడగవా?"

"ఎందుకడగాలి? ఎవరు పంపారో ఫోనుకి తెలుసుగా."

"కొత్తగా రాయాలంటే?"

"పేర్ల జాబితాలో ఎవరి పేరు మీద నిలబడితే వాళ్లకి. అక్కడ అదే బటన్ మీద 'రాయి' అని ఉంటుంది."

తాయిస్తో కాఫీ కప్పు పెదాల దాకా తెచ్చి, తాగకుండానే దించాడు. క్యాలెండర్ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. అతని వేలు కాగితాల కట్టలో ఒక చోట, ఇంకో చోట, మరో చోట ఆగింది. "అంటే ఒకటే గది," అన్నాడు తనలో తాను. "ఒకటే గది. పైన బోర్డు మారుతుంటుంది అంతే." తర్వాత గట్టిగా, "పిల్లా, నాలుగు కిలోబైట్లని ఎవడన్నాడు?"

"నువ్వే. డిసెంబరులో."

"డిసెంబరులో నాకు నిజంగానే నడుం నొప్పి."

ఆ రోజు, మర్నాడు, ఇద్దరూ ఆ వంటింటి బల్ల దగ్గరే ఉన్నారు. తాయిస్తో రాశాడు, హెల్యా దాన్ని కంప్యూటరులో కొట్టి మూడు ఫోన్లలోకి ఎక్కించి చూసింది. మొదటిసారి ఎక్కించినప్పుడు బటన్ వదిలినా వదలలేదనుకుని ఫోను పంపుతూనే పోయింది. హెల్యా చేతిలో ఫోనుకి తొమ్మిది సార్లు 'హలో' వచ్చింది. "ప్రేమలేఖలంటే ఇలా ఉండాలి," అన్నాడు తాయిస్తో, ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాస్తూ. మధ్యలో రై గింజల నల్లరొట్టె, పొగబెట్టిన చేప. ఒకసారి నడుం సాగదీసుకోవడానికి లేచి నది మంచు మీద కాసేపు నడిచి వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అతను పెన్సిలు కింద పెట్టాడు.

"పట్టింది. ఇంకా నలభై బైట్లు మిగిలాయి."

"వాటితో ఏం చేద్దాం?"

"ఏమీ చెయ్యకు. నీ చేతికి దొరికితే 'దయచేసి' అని రాసేస్తావు."

*

సోమవారం తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే నలుగురూ ఒస్సి గదిలో ఉన్నారు. ఇల్మా దుకాణానికి 'పదకొండు తర్వాత' అని చీటీ అంటించి వచ్చింది. ఈసారి గాజు పలక లేదు. బల్ల మీద మూడు ఫోన్లు. ఒకటి ఇల్మా తీసుకుంది, ఒకటి ఒస్సి ముందు పెట్టారు, ఒకటి హెల్యా దగ్గర. తాయిస్తో కిటికీ గట్టుకి చేరబడి, కుర్చీ వద్దన్నాడు.

"ఏం చెయ్యాలో చెప్పను," అంది హెల్యా ఇల్మాతో. "మీ ఇష్టం."

ఇల్మా ఫోను తిప్పి తిప్పి చూసింది. జాబితాలో మూడే పేర్లు. ఒస్సి పేరు మీద ఆగింది. బటన్ పైన 'రాయి' అని కనిపించింది. రాసింది. నిదానంగా, ఒక్కో అక్షరం, కుట్టు వేస్తున్నంత శ్రద్ధగా. పంపింది.

ఒస్సి ఫోను టింగుమంది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. హెల్యా అతని బొటనవేలు వైపే చూస్తోంది. ఒక నొక్కుడు. చదివి, కనుబొమలు ఎత్తాడు. ఇంకో నొక్కుడు. అక్కడ ఆగి, తెరని చూశాడు. ఖాళీ గీత, దాని మీద మిణుకుమంటున్న చిన్న చుక్క. అతను రాయడం మొదలుపెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ సంగతి అతనికి ఇంకా తట్టలేదు. హెల్యాకు తట్టింది. కిటికీ దగ్గర తాయిస్తో దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

మూడో నొక్కుడు. ఇల్మా ఫోను మోగింది. ఆవిడకు ఆ మోత వినపడలేదు గానీ తెర వెలగడం చూసింది. చదివి పెద్దగా నవ్వింది, గది అదిరేలా.

"ఏం రాసుకున్నారు?" అన్నాడు తాయిస్తో.

"నీకెందుకు?" అంది ఇల్మా. "అది మా ఇద్దరిదీ."

ఒస్సి ఫోను అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు ఆడించాడు. "మూడు," అన్నాడు. "ఆ బటన్ మూడుసార్లే నొక్కాను కదూ?"

"మూడే."

"ఎంత జాగా?"

"నలభై బైట్లు వెనక్కి ఇస్తున్నాం," అన్నాడు తాయిస్తో.

ఒస్సి ఒక కాగితం ముందుకి లాక్కున్నాడు. సోమవారం సంతకం పెడతానన్న కాగితం అదే. దాన్ని రెండుగా మడిచి సొరుగులో పెట్టాడు.

"అయితే నా ఒక్కడి మాటతో అయ్యేది కాదు," అన్నాడు ఒస్సి. "ఇది ఎక్కించడానికి ఫ్యాక్టరీని నాలుగు రోజులు ఆపాలంటే హెల్సింకీ హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. గురువారం అక్కడ డైరెక్టర్ల మీటింగుంది. వాళ్లకి అంకెలు నేను చెప్తాను. అంకెలు చెప్తే వాళ్లు అంకెలే అడుగుతారు." ఇల్మా వైపు తిరిగాడు, పెదాలు కనిపించేలా. "మీరు నాతో రావాలి. శుక్రవారం నాకు చెప్పింది వాళ్లకి చెప్పండి. పక్కింటావిడ సంగతి. అది విన్నాక కాదనేవాడు ఉండడు."

"రాను," అంది ఇల్మా.

జవాబు అంత వెంటనే వస్తుందని ఎవరూ అనుకోలేదు. హెల్యా ఆవిడ చెయ్యి పట్టుకోబోయి మానుకుంది.

"రానుపోను రైలు టిక్కెట్టు మేమే..." అన్నాడు ఒస్సి.

"టిక్కెట్టు సంగతి కాదు. ఆ మాట ముప్పై ఏళ్లలో ఒక్కసారి చెప్పాను, నీకు. ఎందుకో నోట్లోంచి వచ్చేసింది. అది మళ్లీ చెప్పను. నన్ను తీసుకెళ్లి అక్కడ నిలబెడతావు. సూట్లేసుకున్న వాళ్లు కళ్లు తుడుచుకుంటారు. పాపం అంటారు. భోజనానికి లేచాక మర్చిపోతారు." ఫోనుని బల్ల మీద పెట్టింది. "నేనిక్కడికి పాపం అనిపించుకోడానికి రాలేదు. మీ ఫోను తప్పు నేను పట్టుకున్నాను. మీ అందరికీ దొరకనిది నాకు అయిదు నిమిషాల్లో దొరికింది. అవునా కాదా?"

"అవును," అంది హెల్యా.

"అయితే నాకు పనివ్వు, ఒస్సి. వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు దుకాణం ఉంది. మీరు చేసే ప్రతి ఫోనూ ముందు నా చేతికి రావాలి. జీతం, గుర్తింపు కార్డు, అందరికీ ఉన్నట్టే. అప్పుడు హెల్సింకీ వస్తాను. మీ కంపెనీ మనిషిగా వచ్చి, ఆ బటన్ ఎందుకలా ఉండాలో చెప్తాను. నా కడుపు సంగతి చెప్పను."

తాయిస్తో కిటికీ గట్టు వదిలి నిటారుగా నిలబడ్డాడు, ఎందుకో తెలియకుండానే.

ఒస్సి ఆవిడనే చూస్తున్నాడు. మొహంలో కోపం లేదు. ఏదో లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి చూసుకుంటున్న మనిషిలా ఉన్నాడు. హెల్యా వైపు ఒకసారి చూశాడు. ఫోను చేతిలోకి తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. రెండుసార్లు చెరిపేశాడు.

ఇల్మా ఫోను వెలిగింది. చదివింది. ఈసారి నవ్వలేదు.

"ఇది నాకెందుకు చెప్తున్నావు?" అంది, హెల్యా వైపు చెయ్యి చూపిస్తూ. "తనకి చెప్పాల్సింది తనకే పంపు."

ఒస్సి మెడ ఎర్రబడింది. ఇంకాసేపు బటన్లు నొక్కాడు. హెల్యా చేతిలో ఫోను టింగుమంది. ఆమె బటన్ నొక్కి చదివింది.

'ఇల్మాకు ఉద్యోగం ఇచ్చే అధికారం నాకు మార్చి ఒకటి వరకే. ఆ తర్వాత ఈ కుర్చీ నాది కాదు. గురువారం దీనికి నీ పేరు చెప్పాలనుకుంటున్నాను. ఒప్పుకుంటావా?'

హెల్యా దాన్ని రెండుసార్లు చదివింది. మార్చి ఒకటికి పన్నెండు రోజులుంది. ఇల్మాకు తెలుసు, ఒస్సికి తెలుసు, తాయిస్తో మాత్రం ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తున్నాడు. ఆమె మళ్లీ బటన్ నొక్కింది. ఖాళీ గీత వచ్చింది. అవునని రాయొచ్చు, కాదని రాయొచ్చు. ఆమె రెండూ రాయలేదు.

'ఎందుకు వెళ్తున్నావు?'

పంపింది. బల్లకి అటువైపు ఒస్సి ఫోను మోగింది. అతను చదివి, బటన్ మీద వేలు పెట్టి, తీసేశాడు. ఫోనుని జాగ్రత్తగా బోర్లించి పెట్టాడు. లేచి వెళ్లి, ఓరగా తెరిచి ఉన్న గది తలుపు పూర్తిగా మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఈ జవాబు ఆ చిన్న తెర మీద పట్టదు," అన్నాడు.